పెండింగ్‌లో రెండు నిమిషాలు

తలుపుకు వేసిన లక్క సీలును చూసి అఖిల నవ్వింది.

"అంత నవ్వొచ్చే పని మేమేం జేసినం మేడం?" అన్నాడు సీఐ ధనుంజయ్.

"తాళమేసిన్రు. లక్క పెట్టిన్రు. దాని మీద సంతకం గూడ జేసిన్రు. లోపల మిషన్లు మాత్రం నడుస్తనే ఉన్నయి. ఆ చప్పుడు మీ చెవుల పడనే లేదా సాబ్?"

"గదిలకెంచి బయటికి పోయే నెట్ వైరు పీకేయించిన. ఇంకేం గావాలె? కరెంటు బంద్ జేస్తే సాక్ష్యం ఖరాబైతదని మా సైబరోళ్లు చెప్పిన్రు."

"ఎవరో తెలిసినోళ్లు చెప్పిన్రన్నమాట. మీ సొంత తెలివైతే గవి గూడ బంద్ జేస్తుండె."

ధనుంజయ్ పళ్లు నూరుకున్నాడు. ఎస్పీ ఇచ్చిన అనుమతి లేకపోతే ఈ ఆడమనిషిని గేటు కాడనే ఆపేసేవాడు. ఆ సంగతి ఆమెకూ తెలుసు. తెలుసు కాబట్టే ఆ మాట ఒక్కసారి కూడా ఎత్తకుండా, అనుమతి తన హక్కే అన్నట్టు నిలబడింది.

అఖిల ప్రైవేట్ డిటెక్టివ్. పుట్టింది ధర్పల్లిలో. పన్నెండేళ్లు హైదరాబాద్‌లో పెద్ద పెద్ద కంప్యూటర్ కేంద్రాలు చూసుకుంది. అక్కడి పెద్దమనుషుల మీద రోత పుట్టి, నిజామాబాద్ ఖలీల్‌వాడిలో ఓ మందుల దుకాణం పైన ఆఫీసు తెరిచింది. రోత మాత్రం తగ్గలేదు. తగ్గించే మనుషులు ఈ వృత్తిలో తారసపడరు.

బోధన్ దారిలో కాలువను ఆనుకొని ఉన్న ఈ ప్రైవేటు చెరకు పరిశోధన కేంద్రంలో హైమ శాస్త్రవేత్తగా పనిచేసేది. మంగళవారం పొద్దున డ్యూటీకి వచ్చింది. బుధవారం తెల్లారేసరికి కేంద్రం పొలాల వెనక, తూము దగ్గర నీళ్లలో శవమై దొరికింది. తల వెనక దెబ్బ. రాత్రంతా నీళ్లలో నానిన శరీరం కావడంతో, మంగళవారం పదకొండు మొదలు సాయంత్రం ఆరు దాకా ఎప్పుడైనా చనిపోయి ఉండవచ్చని డాక్టరు చేతులెత్తేశాడు.

ఆ సందును ధనుంజయ్ ఒకే ఒక్క ఆధారంతో పూడ్చాడు. మంగళవారం మధ్యాహ్నం మూడు ముప్పై ఎనిమిదికి హైమ పేరు మీద ఇక్కడి కంప్యూటర్లలో ఒక పని నమోదైంది. అంటే అప్పటికి ఆమె బతికే ఉంది. ఆ వేళకు డైరెక్టర్ భానుప్రసాద్, మిగతా సిబ్బంది నిజామాబాద్‌లో మీటింగులో ఉన్నారు, ఫోటోలున్నాయి. కేంద్రంలో మిగిలింది రెండు గంటలకు డ్యూటీ ఎక్కిన ఆపరేటర్ నాగేందర్ ఒక్కడే. వారం కింద సెలవు విషయంలో అతనికీ హైమకూ మాటా మాటా పెరిగింది. ధనుంజయ్‌కి అంతకంటే ఏం కావాలి? నిన్న, గురువారం సాయంత్రం నాగేందర్‌ను పట్టుకెళ్లాడు. ఈ మధ్యాహ్నం బోధన్ కోర్టులో నిలబెట్టి రిమాండుకు పంపబోతున్నాడు.

"సీలు తీయండి. మీ సంతకం మీరే చింపాలె, నేను ముట్ట," అంది అఖిల.

ఆమె వెనకాల నిలబడ్డ మనిషి మెల్లగా దగ్గాడు. హైమ భర్త ఉమామహేష్. తాతల కాలంలో కోస్తా నుంచి వచ్చి కాలువ కింద భూములు కొనుక్కున్న కుటుంబం. అఖిలను పిలిపించింది అతనే. "పోలీసులు నాగేందర్‌ని అనుమానిస్తున్నారు, చీమకి కూడా హాని చేసే మనిషి కాదండీ. వాళ్లు ఆ గది తెరవనివ్వడం లేదు. మీకు కంప్యూటర్లు తెలుసట కదా, ఒకసారి లోపలికెళ్లి చూడండి," అని బుధవారం సాయంత్రం, అంత్యక్రియలైన గంటకే ఆమె ఆఫీసుకొచ్చి అడిగాడు. భార్యను పోగొట్టుకున్న రోజే పరాయివాడి కోసం అడగడానికొచ్చిన మనిషి. అఖిల కుర్చీలోంచి లేచి మంచినీళ్లు ఇచ్చింది. ఆమె ఆఫీసుకొచ్చిన వాళ్లలో అంత మర్యాద దక్కినవాళ్లు చాలా తక్కువ.

తలుపు తెరవగానే చల్లటి గాలి మొహాన కొట్టింది. అద్దం గోడకు అవతల నల్లటి బీరువాల్లాంటి అరలు, వాటిలో ఒకదాని మీద ఒకటి పేర్చిన కంప్యూటర్లు, ఆకుపచ్చ దీపాలు. అన్నీ కలిసి ఒక్క యంత్రంలా పనిచేసే గుంపు. దాన్నే క్లస్టర్ అంటారు. దీని ముందు ఎవరూ కూర్చొని పని చేయరు. ఏం చేయాలో రాసి వరుసలో పెట్టి వెళ్లిపోతారు. అలా పెట్టిన ఒక్కో పని ఒక్కో జాబ్. చోటు దొరికేదాకా అది పెండింగ్‌లో ఉంటుంది, దొరికితే రన్నింగ్‌కు వస్తుంది. రోజుల తరబడి తన పని తాను చేసుకుంటుంది. రాసి పెట్టిన మనిషి బతికి ఉన్నా పోయినా దానికి పట్టదు.

అద్దానికి ఇవతల హైమ బల్ల. అఖిల దాని కింది సొరుగు లాగింది. లోపల స్టీలు టిఫిన్ బాక్సు.

"ఇది ఎవ్వరన్న తెరిచి చూసిన్రా?"

"టిఫిన్ డబ్బాల ఏముంటది మేడం? సీజ్ చేసిన వాటిల్ల అది లేదు," అన్నాడు ధనుంజయ్.

"బరువున్నది. మంగళవారం పగలు ఆమె అన్నం తినలేదు."

"మంగళవారం ఒక్కపొద్దు ఉంటుందండీ," అన్నాడు ఉమామహేష్, నేల చూస్తూ. "రాత్రికే తినేది."

"ఇగో, విన్నరా!" ధనుంజయ్ గొంతులో హుషారు వచ్చింది. "మొగుడే చెప్పవట్టె. ఒక్కపొద్దున్న మనిషి డబ్బా ఎందుకు తెరుస్తది?"

"ఒక్కపొద్దున్న మనిషి డబ్బా ఎందుకు తెచ్చుకుంటది సాబ్?"

అఖిల మూత తీసింది. ముగ్గురూ ముక్కులు మూసుకున్నారు. చపాతీలు, వాటి పక్క గిన్నెలో కోడిగుడ్ల పులుసు. మూడు రోజుల కింద వండినది.

"ఒక్కపొద్దుకు గుడ్లు తినే ఆచారం ఏ ఊర్లనన్న ఉన్నదేమో, నాకైతే తెల్వదు," అంది అఖిల. భార్య ఏం తింటుందో, ఎప్పుడు తింటుందో తెలియని మొగుళ్లు ఇంటికొకడుంటాడని ఆమె మనసులోనే అనుకుంది. పుట్టెడు దుఃఖంలో ఉన్న మనిషి, పైకి అనడం బాగుండదని ఊరుకుంది.

"ఆమె మధ్యాహ్నం తినే వేళకు ముందే పోయింది. అప్పటికి నాగేందర్ మాక్లూర్‌ల పసుపు ఉడకబెట్టే కాడ ఉన్నడు. ఊరంతా చూసింది."

"తినకపోవుడు సాక్ష్యమా? ఆకలి గాలేదేమో! కంప్యూటర్ అబద్ధమాడదు మేడం. మూడు ముప్పై ఎనిమిది. ఆమె పేరు మీద. మా దగ్గర కాగితం ఉన్నది."

"కంప్యూటర్ అబద్ధమాడదు. అడగనిదానికి జవాబు గూడ ఇయ్యదు. మీరు ఏం అడిగిన్రో అదే చెప్పింది. నెట్ వైరు తగిలించమనున్రి. మీ డైరెక్టర్ దొరను మీటింగు హాల్‌కు రమ్మనున్రి."

* * *

డైరెక్టర్ భానుప్రసాద్ తిరుగుడు కుర్చీలో వెనక్కి వాలి కూర్చున్నాడు. గోడ మీద అతని సన్మానాల ఫోటోలే డజను దాకా ఉన్నాయి. ఒక్కదాంట్లోనూ చెరకు గడ లేదు.

"రేపు పొద్దున ఇక్కడ పెద్ద కార్యక్రమం ఉంది. మా కొత్త రకం చెరకు ముచ్చెల, అదే నాటుకునే గడ ముక్కల, పంపిణీ. బోధన్ రైతులు మళ్లీ చెరకు వైపు తిరుగుతున్న చారిత్రక సమయం. మీరు తొందరగా కానిస్తే బాగుంటుంది," అన్నాడు.

"చారిత్రక సమయం మంగళవారం ఎక్కడున్నదండి?" అఖిల లాప్‌టాప్ తెరిచి బల్ల మీద పెట్టింది. లాకప్‌లో నాగేందర్‌ను కలిసినప్పుడు అతను చెప్పిన పాస్‌వర్డ్‌తో లోపలికి వెళ్లింది. గోడ మీది పెద్ద తెరపై వరుస కనిపించింది. బుధవారం నుంచి నెట్ లేక కొత్తగా ఎవరూ ఏమీ పెట్టలేదు, వరుసలో ఒకే ఒక్క జాబ్ ఉంది. యజమాని: హైమ. స్థితి: రన్నింగ్. కొన్ని సెకన్లకోసారి తెర తనంతట తానే మారుతోంది.

ఉమామహేష్ కుర్చీ అంచున కూర్చొని తెర వైపే చూస్తున్నాడు. "ఇంకా నడుస్తూనే ఉందా అండీ?"

"నడుస్తున్నది. మీ ఆవిడ పెట్టిన పని."

అతను కళ్లు తుడుచుకున్నాడు.

"ఒంటిగంటకే నిజామాబాద్ వెళ్లిపోయాను. సీఐ గారికి అన్నీ ఇచ్చాను," అన్నాడు భానుప్రసాద్. "ఆ క్లస్టర్ గురించి నన్నడక్కండి. నేను శాస్త్రవేత్తను, ఆపరేటర్‌ను కాదు. దాని మొహం కూడా చూడను."

"మొహం చూడకుండనే దాని మీద కోట్లు పెట్టించుకున్నరు, బాగనే ఉన్నది. మరి హైమ మధ్యాహ్నం ఏం జేసిందో మీకెట్ల ఎరుక?"

"ఎరుకేముంది? జాబ్ పెట్టింది. రెండు నిమిషాలు పెండింగ్‌లో ఉండి రన్నింగ్‌కు వచ్చింది. అంటే ఆమె అప్పుడు ఇక్కడే ఉంది. ఇందులో పెద్ద రహస్యమేముందని?"

అఖిల తలెత్తలేదు. కీబోర్డు మీద వేళ్లు మాత్రం ఆగాయి.

"సీఐ సాబ్, మీ కాగితంల ఏమున్నది? చదవున్రి."

ధనుంజయ్ ఫైలు తెరిచాడు. "హైమ, మంగళవారం, మూడు ముప్పై ఎనిమిది. గంతే."

"రెండు నిమిషాల పెండింగ్ ముచ్చట ఉన్నదా?"

"లేదు."

"మీరు గానీ మీ సైబరోళ్లు గానీ ఈయనకు చెప్పిన్రా?"

"మాకే తెల్వదు, ఈయనకేం చెప్తం?"

అప్పుడు అఖిల తలెత్తి భానుప్రసాద్‌ను చూసింది. బజారులో పుచ్చు వంకాయను పక్కన పడేసే ముందు చూసే చూపు.

"దాని మొహం చూడనివారు, అది రెండు నిమిషాలు ఆగిందని ఎట్ల చూసిన్రు దొరా?"

భానుప్రసాద్ కుర్చీ ముందుకొచ్చింది. "నాగేందర్... నాగేందర్ చెప్పాడనుకుంటా."

"నాగేందర్‌ను నిన్న నేను కలిసిన. బుధవారం సంది మీరు అతని ఫోనే ఎత్తలేదట. ఇంకో అబద్ధం వెతుక్కోండి, నేను ఆగుత. మీరు వెతుక్కునేలోపు సీఐ సాబ్‌కు ఒక ముచ్చట చెప్త." ఆమె ధనుంజయ్ వైపు తిరిగింది. "మంగళవారం మధ్యాహ్నం వరుసల ఇంకెవరి జాబూ లేదు. ఖాళీగ ఉన్నప్పుడు కొత్త జాబ్ పెడితే అది ఎందుకు ఆగుతది? అప్పుడే ఉరుకుతది. రెండు నిమిషాలు ఆపుడు ఎప్పుడంటే, నడుస్తున్న జాబ్‌ను గుంజి మళ్లీ మొదటి నుంచి నడవమని వరుసల పెట్టినప్పుడు. అప్పుడు ఇది కావాలనే కొంచెంసేపు ఆపి వదులుతది. ఇంకోటి గూడ చేస్తది. పెట్టిన వేళ అన్న చోట పాత వేళ తీసేసి, మళ్లీ పెట్టిన వేళ రాస్తది."

"మతలబ్?"

"మతలబ్ ఏందంటే, మీరు చూసిన మూడు ముప్పై ఎనిమిది హైమ పెట్టిన వేళ కాదు."

"ఇదంతా మీ ఊహ," అన్నాడు ధనుంజయ్. గొంతులో ఇంతకుముందున్న హుషారు లేదు. "మీరు చెప్పిందే నిజమని ఎట్ల నమ్మాలె?"

"నన్ను నమ్మకున్రి. మీరు ఈ జాబ్ ఆఖరి పుట్టుక ఒక్కటే అడిగిన్రు. పాత పుట్టుకలు గూడ చూపెట్టమని అడుగుదాం."

ఆమె ఒక కమాండ్ కొట్టింది. తెర మీద అదే నంబరుతో రెండు జాబ్‌లు వచ్చాయి. రెండోది మంగళవారం మూడు ముప్పై ఎనిమిదిది. మొదటిది అంతకు నాలుగు రోజుల ముందు, శుక్రవారం రాత్రి పెట్టినది. దాని స్థితి దగ్గర 'మళ్లీ వరుసలో పెట్టబడింది' అని అర్థమొచ్చే మాట ఉంది.

"శుక్రవారం పెట్టి హైమ తన దారిన పోయింది. మంగళవారం సాయంత్రానికి అయిపోవాల్సిన పని. ఇంకో రెండు మూడు గంటలుంటే అయిపోతుండె. ఎవరో దాన్ని గుంజి మొదటికి తెచ్చిన్రు. ఎవరో చూద్దామా, మీరే చెప్తరా డైరెక్టర్ గారూ? ఎవరి జాబ్‌నైనా ముట్టే అడ్మిన్ ఖాతా ఇద్దరికే ఉన్నది, వాళ్లు బయట నుంచి గూడ రావచ్చు. ఒకటి నాగేందర్‌ది. ఇక్కడ కనిపిస్తున్నది అతనిది కాదు. ఫోన్ నుంచి వచ్చిన్రు గూడ. మీటింగుల కూసొని చేసిన్రా? ఫోటోల మీ చేతుల ఫోనున్నది, నేను చూసిన."

భానుప్రసాద్ ముఖం చెమటతో మెరిసింది. ధనుంజయ్ కుర్చీలోంచి సగం లేచాడు.

"నేను చంపలేదు! ప్రమాణంగా నేను చంపలేదు. ఆమె చనిపోయిన సంగతి కూడా బుధవారమే తెలిసింది," భానుప్రసాద్ మాటలు ఒకదాని మీద ఒకటి పడుతున్నాయి. "ఆ జాబ్... అది మా కొత్త రకం ఈ నేలల్లో ఎర్రకుళ్లు తెగులుకు తట్టుకుంటుందా లేదా అని లెక్కగట్టే జాబ్. తట్టుకోదని హైమ మొదటి నుంచీ అంటోంది. అది పూర్తయిన మరుక్షణం ఫలితం దానంతటదే రాష్ట్రంలో శాస్త్రవేత్తలందరికీ మెయిల్ వెళ్లేటట్టు పెట్టింది. పంపిణీకి ముందు అది బయటికొస్తే నా పరువేం కావాలి? రద్దు చేస్తే నేనే చేశానని తెలిసిపోతుంది. మొదటి నుంచి నడిపిస్తే, మిషన్ ఏదో తడబడిందనుకుంటుంది. మళ్లీ నాలుగు రోజులు పడుతుంది. ఈలోపు పంపిణీ అయిపోతుంది. అంతే! నేను చేసింది అంతే!"

ధనుంజయ్ మళ్లీ కుర్చీలో కూలబడ్డాడు.

"ఇంత పిరికి మనిషి ఖూనీ ఎట్ల చేస్తడు సాబ్," అంది అఖిల. "దొంగతనం గూడ సరిగ్గ చేసుడు రాదు. ఒక ఆడమనిషి నాలుగు రోజుల పని మీటింగుల బిస్కెట్లు తినుకుంట చెడగొట్టిండు. ఆమె చచ్చిపోయిందని తెలిసినంక, తను ఒత్తిన బటన్ వల్ల ఒక అమాయకుడు లాకప్‌ల పడ్డడని తెలిసినంక గూడ నోరు తెరవలేదు. మీరేమో ఆ బటన్‌ను పట్టుకొని కేసు కట్టిన్రు. ఇద్దరికీ మంచిగనే కుదిరింది."

"మేడం, మాటలు మర్యాదగ రానియ్యున్రి."

"మర్యాద నాగేందర్‌కు చేయున్రి ముందుగాల. హైమ మధ్యాహ్నం బతికున్నదనేదానికి మీ దగ్గర ఇప్పుడేమున్నది? ఏమీ లేదు. తినని డబ్బా ఒక్కటే మిగిలింది. ఆమె పొద్దుగాలనే పోయింది. మూడు రోజుల సంది మీరు అందరినీ మధ్యాహ్నం ఎక్కడున్నవ్ అని అడిగిన్రు. ఒక్కరినన్న పొద్దుగాల ఎక్కడున్నవ్ అని అడిగిన్రా?"

ధనుంజయ్ ఫైలు మూశాడు. తెరిచాడు. మళ్లీ మూశాడు.

"ఒక్క నిమిషం," ఉమామహేష్ లేచాడు. ముఖం పాలిపోయి ఉంది. "నాకు ఊపిరాడట్లేదండీ. బయట కాసేపు..."

"పోయి రాండ్రి," అంది అఖిల మెత్తగా. అతని వెనకాల తలుపు మూసుకున్నాక ధనుంజయ్‌ను కోపంగా చూసింది. "ఆ మనిషి ముందల ఇవన్ని మాట్లాడాల్సొచ్చింది, మీ నిర్వాకం వల్ల."

ఆమె భానుప్రసాద్ చేత అన్నీ మొదటి నుంచి చెప్పించింది. అతను చెప్పాడు. ధనుంజయ్ రాసుకున్నాడు. భానుప్రసాద్ ఫోను బల్ల మధ్యలో, ధనుంజయ్ టోపీ పక్కన పడి ఉంది. అతని చేతులు రెండూ బల్ల మీదే ఉన్నాయి.

తెర మారింది.

వరుస ఖాళీ అయిపోయింది.

"అయిపోయిందా?" అన్నాడు ధనుంజయ్.

"ఇంకా ఒక రోజు పని ఉండె." అఖిల ముందుకు వంగి ఆ జాబ్ స్థితి అడిగింది. రద్దయింది అని వచ్చింది. దాని పక్కనే రద్దు చేసిన వారి నంబరు. అది అడ్మిన్ నంబరు కాదు.

"నేను కాదు! చూస్తున్నారుగా, నేను ముట్టుకోలేదు!" భానుప్రసాద్ చేతులు పైకెత్తాడు.

"నోర్ముయ్," అన్నాడు ధనుంజయ్.

ఆ నంబరు ఎవరిదో చెప్పమని అఖిల అడిగింది. ఒక్క మాట వచ్చింది.

హైమ.

ధనుంజయ్ ఆ పేరును రెండుసార్లు చదివాడు. "సచ్చిపోయినామె ఎట్ల రద్దు చేస్తది?"

అఖిల ఉమామహేష్ ఖాళీ కుర్చీ వైపు చూసింది. అడ్మిన్ ఖాతా ఉన్న ఇద్దరు తప్ప, ఈ కేంద్రం నెట్ లోపల లేనివాళ్లెవరూ ఆ యంత్రాన్ని తాకలేరు. బుధవారం నుంచి ఆ నెట్ లేదు. గంట కింద, పట్టుబట్టి, వైరు తగిలించింది తనే. గది తెరిపించింది తనే. తెరిపించమని అడిగింది ఎవరో ఆమెకు వేరే చెప్పాల్సిన పనిలేదు. ఎదురుగా ఉన్న ఇద్దరు మూర్ఖులను చూసి మురిసిపోతూ, పక్కనున్నవాడికి మంచినీళ్లు ఇచ్చింది.

ఆమె లేచి పరుగెత్తింది.

* * *

ఉమామహేష్ ఎక్కడికీ పారిపోలేదు. వరండా మెట్ల మీద కూర్చొని ఉన్నాడు. ఫోను అరచేతిలో ఉంది.

"పాస్‌వర్డ్ తనే చెప్పింది," అన్నాడు తలెత్తకుండా. "సాయంత్రం తీసుకెళ్లడానికి వస్తే ఇక్కడే కూర్చునేవాణ్ని. తను సర్దుకునేలోపు జాబ్ ఎంతవరకొచ్చిందో చూసి చెప్పమనేది."

ధనుంజయ్ అతని వెనక నిలబడ్డాడు. అఖిల ఎదురుగా.

"మంగళవారం పొద్దుగాల ఎక్కడున్నరు?" అంది.

"ముప్పై ఎకరాలు మాది. ఇంకో నలభై కౌలుకి తీసుకున్నాను. మొత్తం ఆ రకమే వేశాను, ముచ్చెల కోసం. ఈ కేంద్రమే కొంటానంది. ఆ పొద్దున తూము దగ్గర, ఆ జాబ్ ఆపమని అడిగానండీ. బతిమాలాను. ఒక్క సంవత్సరం ఆగమన్నాను. సాయంత్రానికి అందరికీ వెళ్లిపోతుంది, రైతులు మునగకుండా ఉంటారు, మనదొక్కటే పోతుంది అంది. మనదొక్కటే... అంత తేలిగ్గా అంది." అతను ఫోను తెరను బొటనవేలితో తుడిచాడు. "నెట్టాను. తూము గోడకి తగిలింది. చంపాలని కాదు."

"నీళ్లల్ల వేసింది గూడ చంపాలని కాదా?"

అతను ఫోను తెర ఆర్పేశాడు.

"నాగేందర్ మంచోడు అన్నరు. వాడి కోసం వచ్చిన అన్నరు."

"ఆ రోజు లోపలికొచ్చే ధైర్యం లేకపోయింది, బుధవారం పోలీసుల మాటల్లో జాబ్ ఇంకా నడుస్తోందని తెలిసింది. గది తెరిపించడానికి ఎవరో ఒకరు కావాలి కదండీ." అప్పుడు తలెత్తి చూశాడు. ఆ చూపులో సిగ్గు లేదు, అలసట మాత్రమే ఉంది. "మీరు నన్ను తప్ప అందరినీ అనుమానించారు. ఏమైతేనేం. ఆగిపోయింది. ఇక ఎవరికీ ఏమీ వెళ్లదు."

"రద్దు చేస్తే ఆగుతది," అంది అఖిల. "అప్పటిదాక రాసింది ఎక్కడికీ పోదు. నాలుగింట మూడొంతులు అయిపోయింది. ఊరు ఊరుకు, నేల నేలకు, హైమ వేరువేరుగ రాయించి పెట్టింది. మీ పొలం గూడ అందుల ఉంటది. మెయిల్ పోకపోతే నేను చేతితోని పంపిస్త."

అతని చేతిలోంచి ఫోను జారి మెట్టు మీద పడింది. ధనుంజయ్ వంగి దాన్ని తీసుకున్నాడు, అతని జబ్బ పట్టుకొని లేపాడు. ఈ మూడు రోజుల్లో అతను చేసిన మొదటి సరైన పని అదే.

"స్టేషన్‌కు ఫోన్ చేయున్రి. నాగేందర్‌ను కోర్టుకు తోలుకపోక ముందే చేయున్రి. అతనితోని మీరే మాట్లాడాలె, కానిస్టేబుల్ కాదు."

ధనుంజయ్ ఆమె కళ్లలోకి చూడకుండా తలూపి, ఉమామహేష్‌ను జీపు వైపు నడిపించాడు.

అఖిల హాల్లోకి తిరిగొచ్చింది. భానుప్రసాద్ ఇంకా అక్కడే, చేతులు బల్ల మీద పెట్టుకొనే కూర్చున్నాడు. ఆమె హైమ ఫోల్డర్ తెరిచింది. ఒక్కో ఊరి పేరు, దాని ఎదురుగా ఒక్కో ఫలితం. కోటగిరి, వర్ని, రెంజల్. మొదటి వానలు పడ్డాక ఎర్రకుళ్లు. రెండో నెలలో పక్క పొలాలకు, అక్కడి నుంచి కాలువ నీళ్లతో కింది ఊళ్లకు. ఒక చోట కూడా తట్టుకుంటుందని లేదు.

"రేపటి పంపిణీ బంద్ అని ఇప్పుడే అందరికీ చెప్పున్రి," అంది.

భానుప్రసాద్ గోడ మీది ఫోటోల వైపు చూశాడు.

"చెవుల పడ్డదా?"

"రేపు... రేపు ఫోటోల కోసం నాలుగు కట్టలే ఇక్కడ ఉంచాను," అన్నాడు. "కేసు గొడవల్లో ఎవరైనా ఆపుతారేమోనని, మిగతా ముచ్చెలన్నీ ఈ పొద్దున్నే లారీలకు ఎత్తించాను. మీరు గేటు లోపలికి వస్తున్నప్పుడు ఆఖరి బండి బయటికి పోయింది."

అఖిల కిటికీలోంచి అరిచింది. "సీఐ సాబ్! జీపు ఆపున్రి!"

ధనుంజయ్ జీపులోంచి తల బయటపెట్టాడు.

"ఏ ఊర్లకు పోయినయి?" ఆమె భానుప్రసాద్ వైపు తిరిగింది. "ఎవరి పొలాలకు? డ్రైవర్ల నంబర్లు ఇయ్యి!"

"నంబర్లు నా దగ్గర లేవు," అన్నాడు అతను. "లారీలు ఉమామహేష్‌వి. దించి, ఈ రోజే నాటేయమని రైతులకు అతనే చెప్పాడు."